మెడ పదహారున్నర

ఆర్విల్ ప్రొహాస్కా కొలతలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు.
మెడ పదహారున్నర, చెయ్యి ముప్ఫై మూడు,
ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం కిందికి.
ఒమహా కబేళాలో కుర్రతనమంతా మాంసం మోసిన భుజమది.
బర్బాంక్‌లో, కిటికీ లేని దుస్తుల గదిలో
ఇరవై ఆరేళ్లు ఆ వాలుకి దూది పెట్టాను.

మంగళవారం షెరీఫ్ చొక్కా.
గురువారానికి అదే చొక్కా, బిళ్ల పీకేసి,
బస్సు డ్రైవరుకి.
పిన్ను గుచ్చిన చిల్లులు రెండు జేబు మీద అలాగే ఉండేవి.
కుట్టేస్తానంటే వద్దనేవాడు,
"కెమెరా నాకంత దగ్గరికి రాదులే ఇనెజ్."

పేరు తెర మీద పడేది, పడకేం,
కార్లు అద్దెకిచ్చిన కంపెనీకి కాస్త పైన,
జనం లేచి పళ్లాలు సింకులో వేసే వేళకి.

చావడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు.
నలభై ఒక్కసార్లు.
మరకలు ఉతికేది నేనే గనక లెక్క నా దగ్గరుంది.
గుర్రం మీంచి, మెట్ల మీంచి,
ఒకసారి సూప్ గిన్నెలోకి ముఖం పెట్టి.
"హీరో చస్తే సంగీతం. నేను చస్తే సబ్బు ప్రకటన."

ఏ ఊళ్లోనో అర్ధరాత్రి దాటాక పాత ఎపిసోడ్ వేస్తే
అతనికి చెక్కు వచ్చేది.
పదిహేడు సెంట్లది ఒకటి;
కవరు మీది స్టాంపు ఇరవై రెండు.
మార్చుకోలేదు. ఫ్రిజ్‌కి అంటించుకున్నాడు.

దుకాణంలో ముసలమ్మలు ఆపేవారు,
"మిమ్మల్నెక్కడో... టొలీడోలో, మా చర్చిలోనా?"
అవుననేవాడు.
మీ మరిదిని అడిగానని చెప్పండి అనేవాడు.

ఒకే ఒక్కసారి పెద్ద వేషం వచ్చింది.
న్యాయమూర్తి. పేజీలకి పేజీలు మాటలు.
బూడిదరంగు కోటు అతని కొలతకే కుట్టాను,
దూది లేకుండా, వాలు వాలులాగే.
నాలుగో రోజు కంపెనీ చేతులు మారింది.
కోటు హ్యాంగరు మీద ఉండిపోయింది.

డాక్టరు వేషాలు పదమూడు.
అన్నింట్లోనూ ఒకటే మాట:
చేయగలిగిందంతా చేశాం.

విల్మా పోయిన రాత్రి గ్లెండేల్ ఆసుపత్రిలో నేనూ ఉన్నాను.
తలుపు తోసుకుని ఓ కుర్ర డాక్టరమ్మ వచ్చింది.
చేతిలో కాగితం వణుకుతోంది, గొంతు పెగలడం లేదు.
ఆర్విల్ లేచి ఆమెకి కుర్చీ జరిపాడు.
"ముందు కూర్చోమ్మా.
పేరుతో మొదలుపెట్టు. ఆమె పేరు విల్మా.
తర్వాత ఒక్క ఊపిరి ఆగు."

ఆ పిల్ల కూర్చుంది. పేరు చెప్పింది. ఆగింది.
తర్వాతి మాట అందాక
ఏం చెయ్యాలో అతని ముఖానికి తెలియలేదు.
ఆ వైపు వేషం ఎప్పుడూ ఇంకొకరిది.
కెమెరా ఎప్పుడూ వాళ్ల మీదే ఉండేది.

అంత్యక్రియలకి ఆ కోటు అడిగాడు.
సోమవారం తెచ్చిచ్చాడు,
ఇస్త్రీ చేసి, లాండ్రీ రసీదుతో సహా.
ఉంచుకోమంటే వినలేదు,
"జడ్జిది కదా" అన్నాడు.

నిన్న నిద్రపట్టక టీవీ పెడితే
ఆర్విల్ బస్సు నడుపుతున్నాడు.
చిల్లులు కనబడలేదు, ఎక్కడున్నాయో నాకు తెలుసు.
మలుపు దగ్గర ఒక జంట దిగారు.
తలుపు మూశాడు, అద్దంలోకి ఒకసారి చూశాడు.
కథ దిగినవాళ్ల వెంట వెళ్లిపోయింది.
నేను మాత్రం బస్సులోనే కూర్చున్నాను.