చెల్లని బిళ్ళ

బాలానగర్ సందులో మా ప్రెస్సు
పొద్దున్నుంచీ ఒకటే దెబ్బ.
గోల్కొండ సెంటర్ ఆర్డరు, మూడు వందల ఇత్తడి బిళ్ళలు.
ఒకవైపు ఫిరంగి,
రెండోవైపు మూడు పట్టీలు, చుట్టూ హిందీలో
హవల్దార్ల నాయకత్వానికి వందనమట.

అచ్చు చెక్కింది నేనే.
మూడో పట్టీ దగ్గర చెయ్యి ఆగింది.
నాకు తెలిసిన పట్టీలు ఇంత నున్నగా ఉండవు,
చెమట ఎండి, అంచుల్లో ఉప్పు పేరుకుని ఉంటాయి.

హవల్దార్ పెంటయ్య. మెదక్ దిక్కు మనిషి.
రాత్రి పదింటికి టార్చి పట్టుకుని బారక్‌లోకొచ్చి
మంచం మంచానికీ ఆగి
ముఖాలు కాదు, పాదాలు చూసేవాడు.
బొబ్బ కనిపిస్తే సూదీ దారం తీసేవాడు.
కూడు దగ్గర లైనుకి ఆఖర్న ఆయనే.
బకెట్లో పప్పునీళ్ళే మిగిలిన రోజు
అవే తాగి, వంటవాణ్ణి ఒక బూతు తిట్టి
పళ్ళెం కడుక్కునేవాడు.
బూతులు చాలా వచ్చు.
ఉపన్యాసం ఒక్కటీ రాదు.
ఫిరంగి మోతకి ఎడమ చెవి పోయిందని తెలీక
ఏం చెప్పినా కుడికి తిరిగి వినడం
అదీ డ్రిల్లే అనుకున్నాం మేం.

నేను గోడ దూకిన రాత్రి
లంగర్‌హౌజ్ బస్టాపులో దొరికాను.
పగలంతా హిందీలో అరిచే మనిషి
మొదటిసారి తెలుగులో అడిగాడు,
"తిన్నవా?"
చాయ్ తాగించాడు, రెండు ఉస్మానియాలు.
సైకిలెక్కమనలేదు,
దాన్ని తోసుకుంటూ నా పక్కన నడిచాడు.
చైను వదులు, టక్ టక్‌మంటూనే ఉంది కోట దాకా.
మధ్యలో ఒకే మాట:
"రేపు పన్నెండు కిలోమీటర్లున్నది, కాళ్ళు జాగ్రత్త."
పొద్దున హాజరు పట్టీలో
"అందరూ ఉన్నారు సాబ్."
అంతే.

ఆయన రిటైరై ఎన్నేళ్ళో, ఎక్కడున్నాడో.
ఈ మూడు వందల్లో ఆయన వాటా లేదు.
ఒకటి మాత్రం అచ్చు జారి
ఫిరంగి సగమే పడింది, పట్టీలు మాత్రం నిండుగా వచ్చాయి.
తుక్కులో వెయ్యలేదు.

సాయంత్రం ఇరానీ హోటల్లో
చిల్లరతో పాటు అదీ గల్లా మీద పడింది.
కుర్రాడు తిప్పి చూసి, గోటితో గీకి
"ఇది నడవదన్నా" అని వెనక్కి తోశాడు.

నడవదు.
వదులు చైను మాత్రం
నా ఎడమ పక్కన ఇంకా టక్ టక్‌మంటోంది.
ఇరవై రూపాయలు వేరే తీసిచ్చాను.