కొమ్ముదీర్ఘం

నారాయణపేటల నా పేరు ఎవ్వరికి పట్టది,
బోర్డుల రసూలంటే మాత్రం పిల్లగాండ్లు సుత ఇల్లు చూపిస్తరు.
నలభై ఏండ్లు గోడల మీద ఒక్కటే మాట రాసిన:
రాదు.
ప్రకటనలు అంటించరాదు.
చెత్త వేయరాదు.
అనుమతి లేనిదే లోనికి రారాదు.
అక్షరానికి అర్ధరూపాయి.
దీర్ఘాలకు వేరే పైసలియ్యమనేటోళ్ళు.

పల్లినూనె మిల్లు మూతబడ్డంక
దాని పొడుగు గోడ కింద అరుగు మిగిలింది.
పొద్దుగూకితే ముసలోళ్ళంత ఆడనే.
మిల్లు కొన్న సేటుకు అది నచ్చలే, నన్ను పిలిపించిండు.
'ఇచ్చట కూర్చొనరాదు'
ఎర్ర ఎనామిల్, జానెడెత్తు.
నేను 'దు' కాడికి వచ్చేసరికి
మగ్గం సుగూరప్ప లేసి, పంచె దులుపుకొని,
నా దిక్కు చూడకుండనే పోయిండు.
నాకు పైసలు ముట్టినయి.

ఆ తర్వాత గల్లీల తలుపులన్ని లోపటి గొళ్ళాలే.
టీవీ సప్పుడు. దగ్గు సప్పుడు.
ఎవరన్న పోయిండ్రంటే
డప్పు మోగినంకనే తెలిసేది.

మొన్న ఎండకాలం మున్సిపాలిటోళ్ళు ఒక పిల్లను తోలిండ్రు.
గద్వాల పిల్ల, శివలీల,
నెత్తికి తువ్వాల, చెవి సందుల బ్రష్షు.
గోడకు సున్నమేసి ఇంటింటికి తిరిగి అడిగింది:
"ఏం బొమ్మ ఎయ్యాలె?"
ఒక్కరు నోరు విప్పలే.
మూడు దినాలు చూసి, తనే గీసింది,
ఎన్నడో పూడ్చిన మా చేదబాయి,
ఎడమ దిక్కు గిరక.

గంతే. కుర్మక్క కట్టె పొడుసుకుంట బయటికొచ్చింది:
"ఎవరు చెప్పిండ్రే నీకు? గిరక కుడి దిక్కుండె!"
ఎదురింటి కిటికీల కెల్లి శరణమ్మ:
"ఎడమనే. నా బుజాన్ని అడుగు, చెప్తది."
మోరి నీళ్ళ పంచాయితీల
వాళ్ళిద్దరికి మాట బందై పదకొండేండ్లు.
పిల్ల చెరిపింది, గీసింది, మళ్ల చెరిపింది.
ఎండ గోడ దిగేదాక కొట్లాడిండ్రు,
చాయలు తాగిండ్రు, మళ్ల కొట్లాడిండ్రు.

అప్పుడు మహబూబ్ బీ, మెల్లగ:
"రెండు గిరకలుండె కదనే.
ఎడమది మీకు. కుడిది వాళ్ళకు.
మరిచిపోయిండ్రా, మరిచినట్టు చేస్తున్నరా?"

కుర్మక్క నేల దిక్కు చూసింది.
శరణమ్మ చేతులు చూసుకున్నది, చానసేపు.
"రెండు గియ్యి బిడ్డా," అన్నది.
కుర్మక్క అన్నది:
"తాడు మాత్రం కుడి దానికి సన్నగ గియ్యి. తెగుతుండె."

అట్ల ఆ బాయి చుట్టు గల్లీ మొత్తం చేరింది.
పిల్ల గీసిన ఆడోళ్ళ చీరలు చూసి
సుగూరప్పకు నిద్ర పట్టలే.
"అంచు గట్ల ఉండదమ్మా" అని
ఇంట్లకెల్లి నూలు తెచ్చి రంగు పక్కన రంగు పెట్టి చూపించిండు.
ఆయన చేతులు గాలిల నాడె ఆడిస్తుంటే
పిల్ల రంగు కలుపుడు మరిచింది.

వానకాలం తొలి జల్లుకు
సున్నం కింద కెల్లి నా ఎర్ర అక్షరాలు ఉబికినయి.
కూర్చొనరాదు.
బాయి గట్టు మీద, సరిగ్గ నడుమ.
"తాతా, గీకెయ్యాల్నా?" అన్నది శివలీల.
నాకు సిగ్గైంది. ఆకుపచ్చ డబ్బ అడిగిన.
చెయ్యి వణుకుతున్నది, గీత వంకర పోతున్నది,
అయిన 'ఇచ్చట' మీద 'జర' అని రాసిన.
'ర్చొన' కొట్టేసి 'సో' పెట్టిన.
'రాదు' ముట్టలే.
కడాకు, ఆ 'దు' కొమ్మును పట్టి
మెల్లగ గుంజి దీర్ఘం చేసిన.
దానికి పైసలెవ్వరియ్యలే.

జర కూసోరాదూ.

సుగూరప్ప కండ్లద్దాలు తుడుసుకొని
పైకే చదివిండు, తన ఇంట్ల ఎవరో పిలిచినట్టు.
నేనన్న, రంగు తడి ఆరలే, అంగికంటుతది.
"అంటనియ్" అన్నడు,
కూసుండు.