చేప చిరునామా

పాతబస్టాండు కాడ థర్మాకోల్ పెట్టెలో
ఐసు మీద పడుకున్న బొచ్చెను చూపించి
ఏ ఊరిదని అడిగినా.
"ఐసుదన్నా" అన్నాడు పిల్లోడు.
వాని తప్పేముంది, వానికీ ఎవురూ చెప్పలే.

అందుకే ఆదివారం నా బండి సుంకేసుల దోవ పడతాది.
ఆనకట్ట దిగువన బండ మీద తడి గోనెపట్ట,
దాని మీద రాత్రి నీళ్లు ఇంకా ఆరని రెండు జెల్లలు,
ఒక రాగండి, గుప్పెడు పరిగెలు.
"ఇది మా మద్దిలేటి పుట్టి తిప్పినప్పుడు
నడి ఏట్లో గుండు కాడ పడింది, తెల్లారగట్ల.
ఇగో, మొప్ప పక్కన వలకన్ను గీత."
చేప ఒంటి మీద వేలు పెట్టి
సుంకులమ్మ ఏటిని చదివి వినిపిస్తాది.

మొదట్లో బేరమాడినా, కిలోకి ఇరవై.
ఆమె ఏమీ అనలే.
పుట్టికి పూసిన తారు గోళ్లలోంచి గీక్కుంటా
నా చెప్పుల వంక చూసింది.
అవి ఏ ఊరివో నాకూ తెలీదు.

ఎగువన ఎవరెవరో దోమతెర లాంటి వలలతో
పిల్లచేపల్ని కూడా ఊడ్చుకపోతాంటారు.
ఈమె వల కంట్లో నా మూడు వేళ్లు దూరతాయి,
దూర్చి చూసినా.

నిన్న పోతే గోనెపట్ట బోసిగా ఉంది.
"గుడ్ల మీదుండాయి సార్, వల ఎండేసినాం.
ఈ రెండు నెల్లు పప్పు చేసుకోండి."

ఒట్టి సంచి హ్యాండిల్‌కి తగిలించుకొని
పుండుకూర కట్ట కొనుక్కొని తిరిగొచ్చినా.
లేదు అని చెప్పే అంగడి
నాకు తెలిసి ఇదొక్కటే.

బ్రిడ్జి మీంచి చూస్తే
తుంగభద్ర నిండుమనిషిలా
మెల్లగా నడుస్తాంది.