లోపలికి నెట్టిన ముడి

బంతి కుట్టడంలో కష్టం మొదట్లో లేదు, రుబాబ్.
ముప్పై ముక్కలదాకా అది నీ మాట వింటుంది.
తిరగేసుకుని, కడుపు చూస్తూ కుట్టుకోవచ్చు.
మూత పడేటప్పుడే
కళ్ళకి ఇక పని ఉండదు.
ఆఖరి కుట్టు గుడ్డిది.
ముడి వేసి, సూదిమొనతో లోపలికి నెట్టి,
దారం కోసేస్తావు.
ఆ ముడిని మళ్ళీ ఎవరూ చూడరు.

మా ముత్తాత ఖైర్‌దీన్ గుర్రపు జీనులు కుట్టేవాడు.
కంటోన్మెంటులో ఒక దొర టెన్నిస్ రాకెట్ తెగిందట.
కొత్తది ఓడెక్కి రావాలంటే నెలలు.
ఈయన ఇంటికి తెచ్చి, పేగుతాడు సాగదీసి
రాత్రికి రాత్రి అల్లి ఇచ్చాడట.
దొర వేలితో మీటి చూసి
ఇలాంటివి పది తెమ్మన్నాడట.
మన ఇంట్లో అందరూ ఇదే చెబుతారు.
సందు చివర వడ్రంగి వాళ్ళింట్లోనూ ఇదే చెబుతారు,
వాళ్ళ ముత్తాత పేరు పెట్టి.
సియాల్‌కోట్‌లో గడపకొక తెగిన రాకెట్ ఉంది.
దొర మాత్రం ఒక్కడే.

తాత నాటికి లాలా ఈశర్‌దాస్ కార్ఖానా.
హాకీ కర్రల కోసం మల్బరీ చెక్కని
ఆవిరిలో ఉడికించి మెడ వంచేవాళ్ళు.
మొక్కై వంగనిది మానై వంగదంటారు గానీ
వంగుతుంది,
ఎంతసేపు ఉడకాలో తెలిసినవాడుంటే.
తాతకి తెలుసు.
గడియారం లేకుండా, వాసన పట్టి చెప్పేవాడు.

నలభై ఏడులో, ఆగస్టులో,
లాలా తాళంచెవి తాత చేతిలో పెట్టి
"వానలు తగ్గాక వస్తా, తోళ్ళకి బూజు పట్టనీకు" అన్నాడు.
వానలు తగ్గాయి.
తాత తోళ్ళు ఎండబెట్టాడు, మడిచాడు,
మళ్ళీ ఎండబెట్టాడు.
నాలుగేళ్ళకి జలంధర్ నుంచి కార్డుముక్క:
"ఇక్కడి చెక్క విరుగుతోంది.
ఆవిరి ఎంతసేపు పట్టేవాడివి?"
తాత జవాబు రాశాడో లేదో అమ్మకి తెలీదు.
అక్కడా కర్రలు వంగాయి మరి.

నా ఏడో ఏట
మోకాళ్ళ మధ్య చెక్క బిగించి కూర్చోబెట్టారు.
మైనం పూసిన దారం
రెండు చేతులా రెండు సూదులు
ఒకేసారి రెండు పక్కలకి లాగాలి,
ఈత కొడుతున్నట్టు.
నీళ్ళు లేని ఈత.
నీ తండ్రి ఇమ్దాద్‌నీ అలాగే కూర్చోబెట్టాను.
ఒకరోజు ఎవరో కెమెరాతో వచ్చారు,
ఆ తర్వాత పుస్తకం పట్టుకుని తనిఖీవాళ్ళు వచ్చారు.
వాడు బడికెళ్ళాడు.
మంచిదే జరిగింది, కాదనను.
ఆ నెల డబ్బాలో పిండి అయిపోయింది.
అదీ అనకుండా ఉండలేను.

ఆడవాళ్ళకి వేరే షెడ్డు కట్టారు,
వ్యాన్ వచ్చి ఎక్కించుకునేది.
పగలంతా కుడితే మూడు బంతులు, చెయ్యి బాగుంటే నాలుగు.
ప్రపంచకప్పు రోజుల్లో షెడ్డులో టీవీ పెట్టారు.
బంతి మీద ఏదో దేశపు కంపెనీ పేరు.
మన ఊరి పేరు లేదని షకూరన్ ఏడ్చింది.
పిచ్చిదానా, తన్నేవాడు చదువుతాడా, అన్నాను నేను.
ఇంటికొచ్చి ఎందుకో కూర ఎక్కువ వండాను.

ఇప్పుడు కుట్లే లేవు.
వేడి చేసి అంటిస్తారు,
నువ్వు అద్దాల గదిలో కూర్చుని
యంత్రం చేత రెండువేలసార్లు గోడకేసి కొట్టించి
అంకెలు రాసుకుంటావు.
నీ వేళ్ళకి గాట్లు లేవు.
రోజూ నువ్వు నిద్రపోయాక చూస్తుంటాను.

మొన్న నువ్వు తెచ్చిన బంతిని
చీకట్లో చుట్టూ తడిమాను.
మొదలెక్కడో తెలియలేదు.
మంచి పనే. ఖైర్‌దీన్ ఉంటే మెచ్చుకునేవాడు,
తర్వాత తనే చేశానని చెప్పుకునేవాడు.

నా బంతులు ఎక్కడున్నాయో.
ఏ దేశంలోనో, ఏ పెరట్లోనో
వాన తాగి, గాలి పోయి పడి ఉంటే
పారేసేముందు ఒకటి కోసి చూడమను.
ముడి ఎడమవైపుకి తిరిగి ఉంటే నాదే.
షెడ్డు మొత్తానికి
ఎడమచేతివాటం నేనొక్కదాన్నే.