చుట్ట

మలక్‌పేటల మూడో అంతస్తు, టోకెను ముప్పై ఏడు.
పక్క కుర్చీల షాహీన్ బేగం
కొడుకు తల కింద దుపట్టా మడిచి పెట్టింది.
"నిన్న రెండుసార్లొచ్చింది, బస్సులనే" అన్నది.
ఏమొచ్చిందో చెప్పలే, నేనడగలే.
ఎదురుంగ ఒకాయన
పెండ్లాం పేరు యాదికి రాక
ఆమె చెయ్యి మాత్రం ఇడువకుండ కూసున్నడు.

లోపల డాక్టరమ్మ మోకాలి మీద సుత్తితోని కొట్టింది.
కాలు నన్నడగకుండనే లేచింది.
గీత మీద నడువుమన్నది. ముక్కు ముట్టుకోమన్నది.
ఆఖరుకు తెల్ల కాగితమిచ్చి
"జిలేబీ లెక్క ఒక చుట్ట గియ్యండి" అన్నది.

అమ్మా, ఈ చేత్తోనే
సుల్తాన్‌బజార్ల సగం దుకాణాల బోర్డులు రాసిన,
తాడు మీద ఏలాడుకుంట, స్కేలు లేకుండ,
'శ్రీ' సుడి ఒక్క ఊపిరిల తిప్పెటోన్ని —
అని చెప్పబోయిన.
చెప్పలే. గీసిన.

మొదటి చుట్టు మంచిగనే వచ్చింది.
రెండోదానికి పండ్లు మొలిసినయ్, రంపం పండ్లు.
మూడోది కాగితం దాటి
ఆమె బల్ల మీదికి పోయింది.

ఏ బోర్డుకైనా కింద మూలకు
'దశరథ్ ఆర్ట్స్' అని సన్నగ రాసుకునెటోన్ని.
దీనికి రాయలే.
ఆమెనే రాసుకున్నది:
వయసు అరవై రెండు. కుడి చెయ్యి.

గోలీల చీటి జేబుల పెట్టుకొని
మెట్ల కాడ ఆగి, ఆమె పేరు బోర్డు చూసిన.
పాతది. చేత్తోని రాసిందే.
'న్యూరాలజిస్ట్' కింద ట వత్తు
జెర వణికింది.
ఎవరి చెయ్యో.