అర్ధరూపాయి

మీటరు చదవడం తేలిక.
మనిషిని చూడక్కర్లేదు, గోడని చూస్తే చాలు.
అంకెలు రాసుకుని, బిల్లు చింపి గుమ్మంలో పెట్టి
"వస్తానండీ" అనాలని ఆఫీసులో నేర్పారు.
నేనది మీటరుతోనే అనేవాణ్ణి.

పర్లాకిమిడిలో పద్నాలుగేళ్ళ నౌకరీ.
ఒడియా వీధిలో ఒడియా, తెలుగు వీధిలో తెలుగు,
తడబాటు మాత్రం రెంటికీ ఒక్కటే.

దాసుబాబు రిటైరైన రోజు
గోడగడియారం ఇచ్చాను. ధర చీటీ పీకలేదు.
పీకేస్తే రేపు మా ఇంట్లో శుభకార్యానికి
ఎంత తిరిగివ్వాలో ఆయనకెలా తెలుస్తుంది?
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.
రసీదు కూడా లోపలే ఉందని చెప్పాక
ఇంకోసారి నవ్వారు.

మా అమ్మకో చదివింపుల పుస్తకం ఉండేది,
ఎర్ర అట్ట, నూనె మరకలు.
ఎవరు పదకొండు, ఎవరు యాభయ్యొకటి,
ఎవరు సొట్టపడ్డ స్టీలు చెంబు.
"నూరు చాలదా అమ్మా, ఆ పైన పదహారెందుకు?"
అన్నాను చిన్నప్పుడు, మేనత్త పెళ్ళిలో, మైకు పక్కన.
మైకు పనిచేస్తోంది.
వీపు విమానం మోత మోగింది గానీ
జవాబు రాలేదు.

పక్కింటి కుంతలా మావుసి
ఓ సాయంత్రం గిన్నెలో మండాపిఠా పంపింది.
నాలుగు. లోపల కొబ్బరీ బెల్లం.
రెండు తిని, లెక్కకి కూర్చున్నాను.
బియ్యప్పిండి, అరచిప్ప కొబ్బరి, పావుగంట గ్యాసు,
కూలి వెయ్యకపోతే అన్యాయమని కూలీ వేశాను.
ముప్పై ఎనిమిదిన్నర.
ఈ రోజుల్లో అర్ధరూపాయి ఎక్కడ దొరుకుతుంది?
నాలుగు కిరాణాకొట్లు తిరిగి
ఒక ముసలి షావుకారు డ్రాయరు అడుగున పట్టాను.
గిన్నె కడిగి, తుడిచి, డబ్బు అందులో వేసి ఇచ్చాను.

ఆవిడ గిన్నెలోకి చూసింది.
చక్రం వెనక్కి తిరిగే మీటరుని నేను చూసినట్టు
చాలాసేపు చూసింది.
"హఉ" అని తలుపేసుకుంది.
లెక్క సరిపోయింది కదా,
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత గిన్నె రాలేదు.
శనివారాలు వాసనొక్కటే గోడ దాటి వచ్చేది.
దాన్ని ఏ పద్దులో రాయను?

శ్రావణంలో రీడింగుకి వెళ్తే
నెలకి తొంభై తిరిగే ఆవిడ మీటరు
నలభై దాటలేదు.
మిక్సీ ఆడలేదు. టీవీ పాడలేదు. ఒక్క ఫ్యానే.
ఇంత తేడా ఉంటే మీటరు తట్టి చూడమని రూలు.
తట్టబోయి, ఎందుకో,
గోడ వైపు నుంచి ఇటు తిరిగాను.
మంచం మీద ఉంది.
మోకాలిచిప్ప జారి ఇరవై రోజులట.
మా రెండిళ్ళకీ ఒకటే గోడ.

ఏమనాలో తెలీక బిల్లు చేతిలో పెట్టి వచ్చేశాను.

వచ్చి ఉప్మా చేశాను. జన్మలో మొదటిది.
అడుగు మాడింది, నడుమ ఉండలు కట్టింది,
ఉప్పు గురించి మాట్లాడను.
నా గిన్నెలో పోసి పట్టుకెళ్ళాను.
ఆవిడ తింటుంటే గుమ్మంలో నిలబడి
అడగకూడదని తెలిసీ అడిగాను:
"మావుసీ, దీనికెంత కడతావు?"

"రెండ్రూపాయలు. అదీ కరివేపాకుకి."
మిగతాది కూడా తిని, చెయ్యి కడుక్కుని అంది:
"ఆ రోజు నువ్విచ్చిన అర్ధరూపాయి
ఏ కొట్లోనూ తీసుకోలేదురా పారీ.
అది నాకింకా బాకీ నువ్వు."

ఇంటికి నడిచిన ఆ ఎనిమిది అడుగుల్లో
ఏదో బరువు, కానీ మొయ్యబుద్ధేసే బరువు.
అమ్మ ఉండి ఉంటే
ఆ పదహారు గురించి మళ్ళీ అడిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ గిన్నె వాళ్ళింట్లో ఉందో, మా ఇంట్లో ఉందో.
అసలెవరిదో కూడా మర్చిపోయాను,
ఆరంకెల మీటరు నంబర్లు మూడొందలు నోటికొచ్చిన వాణ్ణి.

ఇవాళా గోడవతల నుంచి కేకేసింది,
"పారీ, నా అర్ధరూపాయి!"

చూద్దాంలే, అన్నాను.