నూట ఎనభై

జిట్టావ్‌లో, మూతపడ్డ నేత మిల్లు మూడో అంతస్తు.
మగ్గాలున్న చోట ఇప్పుడు ప్లైవుడ్డు కొండలు,
ఆకుపచ్చ రంగేసిన రంపప్పొట్టు పచ్చిక,
అరచేతిలో పట్టే స్టేషను.
దాని గడియారంలో ఎప్పుడూ నాలుగుంబావు.

బుధవారం సాయంత్రాలు ఎక్కెహార్ట్
ఇంజన్లను తూకం వేస్తాడు.
తూకం అన్నది నా మాట. ఆయన కొలత అంటాడు.
ఏ బండి ఎంత కరెంటు తాగుతుందో
గళ్ళ నోటుబుక్కులో, అరిగిన పెన్సిలుతో.
నల్ల ఇంజను ఒంటరిగా తిరిగితే
నూట ఎనభై మిల్లీ ఆంపియర్లు.
ఆరు బోగీలు తగిలిస్తే రెండు వందల నలభై.
వేలడ్డం పెట్టి ఆపితే,
చక్రాలు ఉన్నచోటే గిరగిరా జారుతూ,
నాలుగు వందల ముప్ఫై.
"కదలనివ్వకపోతేనే ఎక్కువ తింటుంది"
అంటాడు, నవ్వకుండా.

మొదటి రోజు నేను మీటరు తీగలు రెండూ
రెండు పట్టాలకీ చెరొకటి ఆనించాను.
టప్.
ఫ్యూజు గాజుగొట్టంలో సన్నటి మసి.
తిట్టలేదు. ఫ్యూజు ఖరీదు
గోడమీది రేకు డబ్బాలో వెయ్యమన్నాడు.
తర్వాత చెప్పాడు:
వోల్టేజీ అయితే గట్టున నిలబడి చూడొచ్చు, ఫ్రీడెరూన్.
కరెంటుకి అలా కుదరదు.
తీగ తెంపాలి.
తెగిన రెండు కొసల మధ్యా నువ్వుండాలి.
అంతా నీలోంచే పోవాలి,
నువ్వున్నట్టు బండికి తెలియకూడదు.

పగలు నేను ఆసుపత్రిలో దుబాసీని.
నది దాటి వచ్చేవాళ్ళ పోలిష్ మాట
డాక్టరుకి జర్మన్‌లో, ఆయన మాట వాళ్ళకి పోలిష్‌లో.
నిన్న జెనోన్ అనే బస్సు డ్రైవరు
టోపీ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు, ఇంకా ఎన్నాళ్ళని.
డాక్టరు ఒక అంకె చెప్పాడు.
దాన్ని దాటించడానికి నాకు
ఒక్క గుటక ఆలస్యమైంది.
ఆ గుటకలోనే అతనికి తెలిసిపోయింది.
అంకె చెప్పేసరికి
టోపీ పెట్టేసుకున్నాడు.

ఇవాళ ఎక్కెహార్ట్‌ని అడిగాను:
బండికి నిజంగానే తెలియదా?
స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.
"కొంచెం తెలుస్తుంది.
ఎంత మంచి మీటరైనా కాస్త అడ్డమే.
ఎత్తు ఎక్కేటప్పుడు చూడు, నీరసిస్తుంది.
మొదటి రోజే చెబితే నువ్వు మళ్ళీ వచ్చేదానివి కాదు."

ఆ నల్ల ఇంజనే ఈ రాత్రి
మూడు వందల పది చూపించింది, ఒంటరిగా.
వెల్లకిలా పడుకోబెట్టి,
పట్టకారుతో వెనక ఇరుసు గెలికాడు.
నూలు.
కదురుకి చుట్టుకున్నట్టు, బిగుతుగా, వరస తప్పకుండా,
నీలంరంగు నూలు.

మిల్లు ఆగి ముప్ఫై ఏళ్ళు దాటింది.
దూలాల సందుల్లోంచి ఇంకా రాలుతూనే ఉంది.
ఎవరి షిఫ్టులో లేచిన పోగో,
ఎవరి దుప్పటికి చేరాల్సిందో,
బొటనవేలంత ఇంజను వడుక్కుంటోంది.

దారం మొత్తం విప్పి, పారెయ్యకుండా,
నోటుబుక్కు పేజీకి అంటించాడు.
మళ్ళీ పట్టాల మీద పెట్టాం.
నూట ఎనభై రెండు.

ఆ రెండూ ఎక్కడివి?
అన్నాను.
అంకె కింద గీత గీసి
లైటు ఆర్పడానికి లేచాడు.